సాగర్ ఘాట్‌లో గేరు మారిన చోటు

పల్నాడు వెళ్ళొచ్చానని చెబితే మా కడియం వైపు వాళ్ళు రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. ఎండ ఎలా ఉంది, కారం ఎలా ఉంది? రెండూ కళ్ళమ్మట నీళ్ళు తెప్పించాయనే చెబుతున్నాను. అయితే ఆ నాలుగు రోజుల్లో నేను నవ్వినంత నా నలభై ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ నవ్వలేదు. ఆ సంగతి ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

మాది మొక్కల ఊరు. అన్నయ్య, వదిన, నేను కలిసి రెండెకరాల నర్సరీ నడుపుతున్నాం. చిన్నప్పుడు వచ్చిన పోలియో వల్ల నా ఎడమకాలికి పట్టు లేదు. క్లచ్ తొక్కలేను. నలభై దాటేదాకా ఇంకొకరు తోలే బండిలో, మొక్కల పక్కన ఇంకో మొక్కలా కూర్చునే తిరిగాను. తర్వాత ఒక వేలంలో ఈ పికప్ దొరికింది. ఏదో పని కోసం ఒక విదేశీ కంపెనీ దిగుమతి చేసుకుని, పనయ్యాక వదిలేసిన పాత డీజిల్ బండి. ముందు రెండు వరుసల సీట్లు, వెనక సామాను తొట్టి. నాకు కావలసింది మాత్రం దాని గేరుబాక్సు. ఆటోమేటిక్. క్లచ్ లేదు, కుడికాలు ఒక్కటి చాలు. లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచి డెలివరీలన్నీ నావే.

ఈ వేసవిలో యాక్సిలరేటర్ నుంచి గేరుబాక్సుకి వెళ్ళే తీగ తెగిపోతే కొత్తది వేయించాం. అక్కడితో బండి బుద్ధి మారిపోయింది. బరువుతో మెరక ఎక్కేటప్పుడు రెండో గేరులో ఉండాల్సింది, తొందరపడి మూడులోకి వెళ్ళిపోతుంది. ఇంజను మూలుగుతుంది, వేగం పడిపోతుంది, అప్పుడు దబ్బుమని రెండుకి దిగుతుంది. మళ్ళీ మూడు, మళ్ళీ దబ్బు. ఇద్దరు మెకానిక్కులు చూసి, ఆ గేరుబాక్సు పీకేసి మామూలుది బిగించుకోమన్నారు. మామూలుదంటే క్లచ్. క్లచ్ అంటే నాకు మళ్ళీ పక్క సీటు.

"ఈ ఒక్క లోడు దించి రా సత్యా" అన్నాడు అన్నయ్య, నా మొహం చూడకుండా. "వచ్చాక అమ్మేద్దాం. ఆదివారం ఒకాయన చూట్టానికి వస్తానన్నాడు."

ఆ లోడు కారంపూడికి. మూడు వందల నిమ్మ అంట్లు. "ఆఖరి ట్రిప్పయితే నేనూ వస్తాను" అని వదిన పద్మ చీరలు సర్దుకుని ఎక్కేసింది.

నరసరావుపేటలో బెల్లం

మొదటి రోజు సాయంత్రానికి నరసరావుపేట చేరాం. దారంతా చదును కాబట్టి బండి మర్యాదగానే నడిచింది. బస్టాండు దగ్గర ఒక పెద్దావిడ నడిపే మెస్సులో భోజనానికి కూర్చున్నాం. అరిటాకు వేసి, అడక్కుండానే మధ్యలో ఎర్రగా ఒక ముద్ద పెట్టింది. పండుమిరపకాయ పచ్చడి. మా వైపు పచ్చడి ఆకు చివర బొట్టంత ఉంటుంది. ఇక్కడ అన్నమే దాని చుట్టూ ఉంటుంది.

వదిన ఒక ముద్ద తిని, మంచినీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, గోదావరి మర్యాదంతా గొంతులో పోసి అడిగింది. "ఏవండీ, కాస్త పులుసు వేయిస్తారా అండీ? అందులో బెల్లం వేశారా అండీ?"

ఆవిడ గరిట పట్టుకుని నిలబడిపోయింది. "పులుసులో బెల్లమా? ఎందుకమ్మా, ఏమన్నా పండగా?"

"మా వైపు రోజూ వేస్తారండీ."

"రోజూనా!" ఆవిడ లోపలికి వెళ్ళి, ఒక బెల్లం ముక్క తెచ్చి వదిన ఆకులో పెట్టింది. "తిను. అండీలు గిండీలు తర్వాత. ముందు నోరు సల్లారనీ."

భోజనం ఎనభై రూపాయలు. బెల్లానికి ఏమీ తీసుకోలేదు. పక్క బల్ల మీద వాళ్ళందరికీ మాత్రం మా పులుసు సంగతి చెప్పింది.

కారంపూడి మెరక

రెండో రోజు పిడుగురాళ్ళ మీదుగా వెళ్ళాం. సున్నం బట్టీల పొగ, తెల్లటి దుమ్ము పట్టిన చెట్లు. అది దాటాక రాతి దేశం మొదలైంది. మా దగ్గర కొబ్బరాకుతో చేసే పనులన్నీ ఇక్కడ నాపరాయితో చేస్తారు. ఇంటి నేల నాపరాయి, కప్పు నాపరాయి, చేను చుట్టూ కంచె నాపరాయి. నిలువుగా పాతిన పలకలు వరసగా నిలబడి, మా బండిని చూస్తున్నట్టున్నాయి. వానలు పడి నాలుగు రోజులైందేమో, పత్తి మొలకలు ఆకుపచ్చ చుక్కల్లా కనిపిస్తున్నాయి.

మొక్కలు కొన్న రైతు పేరు కోటయ్య. ఊరి బయట, ఒక మెరక మీద తోట. ఆ మెరక దగ్గరే మా పరువు పోయింది. మూలుగు, దబ్బు, మళ్ళీ మూలుగు. నిమ్మ అంట్లన్నీ ఒకేసారి ముందుకు వంగి, ఒకేసారి వెనక్కి లేస్తున్నాయి. కోటయ్య పంచె ఎగ్గట్టి ఎదురొచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, గొంతు మైకులాంటిది.

"ఏందమ్మా, ఆడోళ్ళిద్దరే వచ్చారా? బండేంది, ఎక్కిళ్ళు పెడతంది?"

సంగతి చెప్పాను. క్లచ్ లేని బండంటే ఆయన నమ్మలేదు. తల లోపలికి పెట్టి, పెడల్స్ రెండుసార్లు లెక్కపెట్టాడు. "నిజమే. రెండే ఉన్నాయి." అని తల బయటికి తీసి, "మాచర్లలో మస్తాన్ భాయ్ అని ఉన్నాడు. ఇరవై ఏళ్ళు గల్ఫులో ఇయ్యే చేశాడంట. వచ్చి ఆరేళ్ళయింది. ఈడ ఇట్టాంటి బండి యాడుంది? పాపం, ట్రాక్టర్లు చేసుకుంటన్నాడు. పోయి చూపియ్యండి" అన్నాడు.

ఆ మాట విన్నాక మూడు వందల మొక్కలు ఎలా దించామో గుర్తు లేదు. కోటయ్య భార్య పెట్టిన జొన్నరొట్టె, గోంగూర మాత్రం గుర్తున్నాయి. "తినిపొండి" అని కూడా అనలేదావిడ. కంచం పెట్టి, మేం తినేదాకా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. మా వైపు అయితే ఉండండి, వెళ్తాం, ఉండండి, వెళ్తాం అని పావుగంట జరిగేది.

మాచర్లలో అబద్ధాలాడే తీగ

ఆ రాత్రి మాచర్ల లాడ్జిలో పడుకుని, పొద్దున్నే మస్తాన్ భాయ్ షెడ్డుకి వెళ్ళాం. ఇంటి ముందే షెడ్డు. అరవై దాటిన మనిషి, తెల్ల గడ్డం, నల్ల చేతులు. ఒక ట్రాక్టరు కింద పడుకుని ఉన్నాడు. నేను బండి ఆపి లీవరు పార్కింగులోకి నెట్టాను. ఆ టక్కుమనే చప్పుడుకి ఆయన ట్రాక్టరు కింద నుంచి తల బయటికి పెట్టాడు.

"ఆటోమేటికా?" అన్నాడు.

"అవును భాయ్."

లేచి, చేతులు తుడుచుకుని, బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఇంట్లోకి కేకేశాడు. "ఏమే, ఖాసింబీ! బయటికి రా! వచ్చింది!"

ఆయన భార్య ఖాసింబీ పిండి చేతులతో వచ్చింది. "ఎవరొచ్చారు?"

"ఎవరు కాదే. బండి. గల్ఫులో నేను చేసిన బండి ఇట్టాంటిదే!"

ఆవిడ బండినీ, మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "దీనికా ఇంత కేక!" అని నవ్వి, టీ పెట్టడానికి వెళ్ళింది.

మస్తాన్ భాయ్ బానెట్ ఎత్తాడు. నన్ను యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కమని, లోపలికి వంగి చూసి, పకపకా నవ్వాడు.

"అమ్మా, గేరుబాక్సుకి కళ్ళు లేవు. మీరెంత నొక్కారో ఈ తీగ చెబితేనే దానికి తెలుసుద్ది. గట్టిగా నొక్కారు, బరువుంది, ఇంకొంచెంసేపు రెండులోనే ఉండు అని చెప్పాలి. ఇది వదులుగా ఉంది. మీరు పీక మీద నిలబడి నొక్కినా, ఏదో వేలితో తాకింది పోనీ అంటంది. అబద్ధాల తీగ! గేరుబాక్సు పాపం నమ్ముతంది."

"అంటే గేరుబాక్సు పాడవలేదా?"

"శుభ్రంగా ఉంది."

నేను దిగి వచ్చి బానెట్ పట్టుకుని నిలబడిపోయాను. వదిన నా వీపు మీద చెయ్యి వేసింది. రెండు నెలలుగా నేను మోస్తున్నదంతా, తీగ చివర రెండు నట్ల దగ్గర ఉందన్నమాట.

అంత తేలిక కాదని వెంటనే తెలిసింది. ఆయన తీగ బిగించాడు. పూర్తిగా నొక్కినప్పుడు తీగ మీది చిన్న గుండుకీ, తొడుగుకీ మధ్య వెంట్రుకంత సందు మిగలాలట. అలాగే పెట్టాడు. భార్య చూస్తుండగా, "గల్ఫు లెక్క. ఇక చూడు" అని నా పక్కన ఎక్కాడు. బజారులోకి వెళ్ళాం.

బండి రెండో గేరులోంచి కదలనంది. వేగం పెరుగుతోంది, ఇంజను ఈల వేసినట్టు అరుస్తోంది, గేరు మారదు. మాచర్ల బజారంతా దుకాణాల్లోంచి బయటికి వచ్చింది. ఆఖరికి కాలు తీశాక, ఎవరో వెనక నుంచి తన్నినట్టు మూడులో పడింది. ఒక పుచ్చకాయల బండాయన "భాయ్, అది బండా, విమానమా?" అని అరిచాడు.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి మస్తాన్ భాయ్ మొహం మాడిపోయింది. ఖాసింబీ టీ గ్లాసులతో నిలబడి ఉంది. ఆయన ఆవిడ వైపు చూడలేదు. నాకు ఆదివారం, బండి చూడ్డానికి వచ్చే ఆయన గుర్తొచ్చారు.

మస్తాన్ భాయ్ మళ్ళీ వంగి, గోటితో ఆ గుండుని తడిమాడు. తీగని చివరిదాకా వేళ్ళతో పట్టి చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "ఈ తీగ ఈ బండిది కాదమ్మా. వేరే బండిది తెచ్చి వేశారు. గుండు ఉండాల్సిన చోట లేదు. దాన్ని చూసి కొలిస్తే కొలతే తప్పు. చెవితో చెయ్యాల. రోడ్డు మీద, వేడిగా ఉండంగా, బరువేసి."

"ఎక్కడికి వెళ్దాం?"

"సాగర్ ఘాటుకి. విజయపురి సౌత్‌కి దిగే కొండదారి."

"అయితే నేనొస్తా!" అంది ఖాసింబీ. గ్లాసులు అక్కడే పెట్టేసి, క్షణంలో చీర మార్చుకుని, మూత బిగించిన గిన్నె ఒకటి చంకన పెట్టుకుని వచ్చేసింది. రాళ్ళు కోసి అమ్మే పక్క యార్డు వాళ్ళు బరువు కోసం ఇరవై నాపరాళ్ళు తొట్టిలోకి ఎక్కించారు. వాటి పక్కన, మేం ఎవరికన్నా ఇద్దామని ఉంచుకున్న ఎనిమిది గులాబీ మొక్కలు.

విజయపురి సౌత్ దారిలో అయిదో ప్రయాణికురాలు

నేను స్టీరింగు దగ్గర, మస్తాన్ భాయ్ పక్కన, వదినా ఖాసింబీ వెనక సీట్లో. ఊరు దాటి పది కిలోమీటర్లు వెళ్ళాక మొదటిసారి ఆపాం. ఆయన బానెట్ ఎత్తి నట్టు అరచుట్టు వదులు చేస్తున్నాడు. అంతలో వెనక నుంచి "మే" అని వినిపించింది.

తొట్టిలో, నాపరాళ్ళ మీద, ఒక గోధుమరంగు మేక. ఎనిమిది గులాబీ మొక్కల్లో ఆరు ముళ్ళతో సహా పూర్తయ్యాయి.

"అయ్యో, మా పక్కింటి రమణమ్మది!" అంది ఖాసింబీ, నోటి మీద చెయ్యి పెట్టుకుని.

తిప్పుకుని వెళ్దామన్నాను. మస్తాన్ భాయ్ ఒప్పుకోలేదు. "గేరుబాక్సు నూనె ఇప్పుడే సరిగ్గా వేడెక్కింది. వెనక్కి పోతే లెక్క తప్పుద్ది. మేక ఏం చేసుద్ది? సాగర్ చూసుద్ది." ఖాసింబీ తన కొంగు చించినంత పని చేసి, ఆఖరికి వదిన పాత తువ్వాలుతో దాన్ని తొట్టి కమ్మీకి కట్టింది.

అక్కడ నుంచి మా పద్ధతి మారిపోయింది. నేను తోలాలి, మస్తాన్ భాయ్ కళ్ళు మూసుకుని వినాలి, వెనక అద్దంలోంచి ఆడవాళ్ళిద్దరూ మేకని చూడాలి.

"మారింది!" అని ఆయన అనగానే, వెనక నుంచి "మోకాళ్ళ మీద పడింది!" అని వచ్చేది. ఆపడం. అరచుట్టు. మళ్ళీ ఎక్కడం.

"మారింది!"

"తూలింది కానీ పడలా!"

ఆపడం. ఈసారి పావుచుట్టు.

నవ్వి నవ్వి నాకు రోడ్డు సరిగ్గా కనపడలేదు. వదినైతే సీట్లో పక్కకి ఒరిగిపోయింది. దారిన పోయే ఒక ఇరిగేషన్ ఉద్యోగి స్కూటరు ఆపి, "ఏమైందండీ, సాయం కావాలా?" అని అడిగాడు. మస్తాన్ భాయ్ బానెట్లోంచి తల ఎత్తకుండా, "గేర్లు సరిచేస్తన్నాం. మేక చూస్తంది" అన్నాడు. ఆయన మా అందరినీ ఒకసారి చూసి, ఇంకేమీ అడక్కుండా వెళ్ళిపోయాడు.

ఘాట్ మీదుగా కిందికి దిగి, నీళ్ళు కనపడే చోట ఆపాం. మా గోదావరి చదునుగా, తీరిగ్గా వస్తుంది. కృష్ణ ఇక్కడ కొండల మధ్య అంత నీలంగా నిలబడి ఉంది. ఖాసింబీ గిన్నె మూత తీసింది. పలావు, పెరుగు పచ్చడి. తింటూ చెప్పింది నాకు.

"ఇరవై ఏళ్ళు ఫోన్లో గేరుబాక్సు, గేరుబాక్సు అనేవాడు అక్కా. అదేందో నేను చూడలా. వచ్చాక ట్రాక్టర్లే చేస్తంటే, ఆడ కూడా ఏం చేశాడో ఏమోలే, మా ముందు గొప్పలు పోయుంటాడు అనుకున్నా."

మస్తాన్ భాయ్ కాస్త దూరంలో మేకకి నీళ్ళు పెడుతున్నాడు. ఆ మాట ఆయనకి వినపడిందో లేదో తెలియదు. నేను తల వంచుకుని తిన్నాను. ఇప్పుడు ఎక్కాల్సిన ఘాట్ నా ఒక్కదానిది కాదని అర్థమైంది.

ఎక్కడం

బరువు, ఎత్తు, వంపు, మండే ఎండ. కుడికాలు పూర్తిగా నొక్కాను. మొదటి గేరు, రెండో గేరు. మామూలుగా అయితే ఈ వంపు దగ్గరే తొందరపడి మూడుకి వెళ్ళి మూలిగేది. నేను కాలు తీయలేదు. ఇంజను గొంతు పెరిగింది, నిండింది, అయినా రెండులోనే నిలబడి లాగుతోంది. వంపు తిరిగింది. ఇంకో వంపు. బండి ఎక్కుతోంది, నిజంగా, ఆయాసం లేకుండా ఎక్కుతోంది. మస్తాన్ భాయ్ ఒక చేయి ఎత్తి గాలిలో ఉంచాడు. రోడ్డు కాస్త చదును కాగానే ఆ చేయి మెత్తగా దించాడు. అదే క్షణంలో గేరు మారింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. ఇంజను ఒక్కసారి ఊపిరి వదిలినట్టు తగ్గి, ముందుకు సాగింది.

వెనక నుంచి ఏమీ వినపడలేదు.

"మేక?" అన్నాడాయన.

"నిలబడే ఉంది" అంది ఖాసింబీ. "నెమరేసుకుంటంది. ఇదేనా నువ్వు ఆడ చేసింది?"

"ఇదే."

"ఇరవై ఏళ్ళూ?"

"ఇరవై ఏళ్ళూ."

ఆవిడ ముందుకు వంగి, సీటు మీదుగా ఆయన భుజం మీద ఒక్క దెబ్బ వేసింది. ప్రేమదే అనుకుంటాను. గట్టిగానే తగిలింది.

పైకి చేరగానే బండి ఆపి అన్నయ్యకి ఫోన్ చేశాను. మాట్లాడుతుంటే నవ్వూ ఏడుపూ కలిసిపోయి ఏమీ అర్థం కాలేదాయనకి. వదిన ఫోన్ లాక్కుంది. "ఆదివారం వచ్చే ఆయన్ని రావద్దనండి. ఎందుకేవిటి! మీ చెల్లి ఘాట్ ఎక్కేసింది. గేరు మారింది. మేక పడలేదు. మేకేవిటంటే, ఇంటికొచ్చి చెబుతాను!"

నాకూ వినపడాలని ఫోన్ స్పీకరులో పెట్టింది. అటు నుంచి అన్నయ్య, "సరే, అయితే జాగ్రత్తగా తోలమను" అన్నాడు. తోలమను. ఆ ఒక్క మాట నాకు చాలు.

మాచర్ల వీధి మొదట్లో రమణమ్మ కర్ర పట్టుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఉంది.

"పొద్దుట్నుంచి వెతకతన్నా! నా మేకని సాగరానికి తోలుకుపోతారంటయ్యా! మీరు మనుషులేనా?"

"నీ మేకే ఎక్కింది" అంది ఖాసింబీ. "టికెట్టు కూడా తీయలా."

రమణమ్మ మేకని దించి, కాళ్ళు, పొట్ట తడిమి చూసుకుంది. ఆ తర్వాత అసలు కోపం బయటపడింది. "మేకని తీసుకుపోయారు. పక్కింట్లోనే ఉన్నాగా, నన్ను పిలవలా! నేను సాగర్ చూసి ఎన్నేళ్ళయిందో తెలుసా?" మిగిలిన రెండు గులాబీ మొక్కలు ఆవిడకే ఇచ్చాం. తీసుకుంది కానీ, మొహం తిప్పుకునే తీసుకుంది.

నాపరాళ్ళ యార్డు

నాలుగో రోజు పొద్దున రాళ్ళు తిరిగి అప్పగించడానికి యార్డుకి వెళ్ళాం. పెద్ద ఖాళీ స్థలం, ఇంకా పనివాళ్ళు రాలేదు. వీడ్కోలు చెప్పడానికి మస్తాన్ భాయ్‌తో ఖాసింబీ కూడా వచ్చింది. చేతిలో మా కోసం మిరపకాయల పొట్లం. పొట్లం ఇచ్చాక కూడా కదలకుండా, నా వైపు తలుపు దగ్గరే నిలబడి లోపలికి చూస్తోంది.

"అక్కా, దీనికి క్లచ్చి లేదుగా?"

"లేదు."

"అయితే దీన్ని నేను కూడా తోలొచ్చా?"

మస్తాన్ భాయ్ "ఏందీ!" అన్నాడు. నేను అప్పటికే దిగిపోయాను.

ఆవిడ చీర కుచ్చిళ్ళు పైకి దోపి ఎక్కింది. నేను పక్క సీట్లో కూర్చున్నాను. లీవరు ఎక్కడ పెట్టాలో, ఏది నొక్కితే వెళ్తుందో, ఏది నొక్కితే ఆగుతుందో రెండుసార్లు చెప్పాను. ఆవిడ బిస్మిల్లా అని నొక్కింది. బండి కదిలింది. "అమ్మో, పోతందే!" అని కేక. మస్తాన్ భాయ్ పక్కనే పరుగెత్తుతున్నాడు. వదిన ఒక రాళ్ళ గుట్ట ఎక్కి చప్పట్లు కొడుతోంది. ఇంజను గొంతు పెరిగింది, నిండింది, ఒక్కసారి మెత్తగా దిగింది.

"మారింది!" ఖాసింబీ నా వైపు తిరిగి అరిచింది. "నా కాలి కింద మారింది అక్కా! ఏమయ్యా, ఇన్నావా? మారిందీ!"

"ఇన్నా! ఇక ఆపవే! ఖాసింబీ, ఆపు!"

ఆపడం ఎలాగో నేను ముందే చెప్పాను. ఆవిడకి బాగా గుర్తుంది కూడా. యార్డు చుట్టూ మూడో రౌండు తిరుగుతున్నాం.